వేసవి తూకం

తన్లిన్
మే 7, 2025

దేవుడు ఇంకా పిలవలేదు గనక బతికే ఉన్న నీ అప్ప ఎస్తేరు రాణి, లమ్మడాలో ఎండు రొయ్యల మధ్య కాపురం పెట్టిన తమ్ముడు ఎలీజాకు రాయునది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చేశాను. ఈ బర్మా దేశంలో కరెంటు లేక టవరు కూడా పడుకుందట. పైగా ఫోనులో నువ్వు "ఆ, ఆ" అంటూ మధ్యలో బేరాలాడుకుంటావు. కాగితం మీదైతే నేను చెప్పడం అయ్యేదాకా నువ్వు నోరు మూసుకోక తప్పదు. నా చదువు ఆదివారం బడి రెండో పుస్తకం దాకానే. తప్పులుంటే నవ్వుకో, లేకపోయినా నవ్వుతావు.

సంగతికి వస్తాను. మీ దుకాణానికి బస్తాలు తోలే చిన్న లారీ త్రినాథ్ నిన్న మా గుమ్మంలో కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు చెప్పాడు.

"పిన్నీ, మీ తమ్ముణ్ణి గంపలో కూకోబెట్టి ఏలాడదీసినారు."

"ఎవుర్రా ఏలాడదీసినోళ్ళు?"

"ఆ షాపు చీనామ్మే. పెద్ద కర్ర కాటా ఉంది కదా, దాని కొక్కేనికి గంప కట్టినారు. మావ కాళ్ళు ముడుసుకొని కోడిపెట్టలాగ కూకున్నాడు. ముప్పై మూడు వీశెలు అని అరిసినారు. కిందటేడు ముప్పై ఆరంట. అందరూ ఒకటే నవ్వు."

నాకు నవ్వు రాలేదు. మనిషిని తూచే పని ఎవరికుంటుంది? పుట్టినప్పుడు నర్సమ్మ తూస్తుంది, పోయాక దేవుడు తూస్తాడు. మధ్యలో మీ యజమానురాలు, మీరంతా అమ్మగారన్నట్టు "దా" అని పిలిచే ఆ దా మ్యా సెయిన్ ఎవరు తూయడానికి? గోడ మీద వేళ్ళు రాసిన రాత చూసిన రాజు కథ ఆదివారం బడిలో మనిద్దరం పక్కపక్కన కూర్చునే విన్నాం. తూస్తే తక్కువ తూగాడు. తెల్లారేసరికి లేడు. నువ్వు అప్పుడు నిద్రపోయి ఉంటావు. నేను ఇప్పటికీ నిద్రపోలేదు.

తక్కువ తూగినవాళ్ళని పనిలోంచి తీసేస్తారా? అరవై ఆరేళ్ళవాడు మూడు వీశెలు ఎక్కడ పారేసుకున్నావు? ఆ గంప దిగగానే ఆవిడ ఎర్ర దారం వలలో ఉడికిన గుడ్డు పెట్టి నీ మెడలో వేసిందట కూడా. అదేమిటో వెంటనే రాయి.

నీ గది ఊడ్చే ఉంది. మీ బావ యాకోబు పోయాక ఆ మంచం మీద కోడి తప్ప ఎవరూ పడుకోలేదు. దాన్ని కూడా తోలేశాను. వచ్చెయ్యి.

రొయ్యల వేపుడు పంపుతున్నాను. రొయ్యల దుకాణంలో ఉన్నవాడికి రొయ్యలేమిటని అడక్కు. అమ్ముకునేవాడు తింటాడని నాకు నమ్మకం లేదు.

గంపలు ఎక్కకు.
నీ అప్ప


లమ్మడా
మే 11, 2025

గాలి వీచినా, ఆగినా భయపడే మా అప్పకు, మూడంతస్తుల పైన గాలి బాగా ఆడే గదిలోంచి ఎలీజా వందనాలు.

నన్ను ఎవరూ అమ్మలేదు, పనిలోంచి తీయలేదు. గోడ మీద రాత కూడా చూశాను. "ఇచ్చట ఉమ్మరాదు" అని ఉంది.

చీనావాళ్ళు ఏడాదిని ఇరవై నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో పేరు పెట్టుకున్నారు. అందులో ఒకటి లీషా. వేసవి మొదలు అని అర్థమట. ఈ ఏడు మే ఐదున వచ్చింది. మార్చి నుంచి మనం మాడి మసైపోయి, ఇక వాన పడుతుందేమోనని ఆకాశం చూస్తున్నప్పుడు వీళ్ళ వేసవి మొదలయింది. నేను ఉండబట్టలేక, "దా, మీ ఏసవి చీనా నుంచి పడవ మీద వొచ్చినాదేటి, ఇంత ఆలీసమైనాది?" అని అడిగాను. ఆవిడ బర్మా భాషలో తిట్టిన తిట్టుకి తెలుగు లేదు.

ఆవిడ తాతలు షాంఘై దగ్గర నింగ్బో నుంచి వచ్చిన వడ్రంగులు. ఆ ఊళ్ళో వేసవి మొదటి రోజున ఇంటిల్లిపాదినీ కాటాకి వేలాడదీసి తూస్తారు. మా వీధిలో మిగతా చీనావాళ్ళకి ఈ ఆచారం లేదు. వాళ్ళు కూడా నీ త్రినాథ్ లాగే గుమ్మాల్లో నిలబడి నవ్వుతారు. ఎండకి మనుషులు కరిగిపోతారని నింగ్బోవాళ్ళ భయం. అంటే ఆ ఊరి నిండా నీలాంటివాళ్ళే ఉన్నారన్నమాట. ఆగస్టులో శరత్తు మొదలయ్యే రోజున మళ్ళీ తూస్తారు. తగ్గినవాడికి తిండి పెడతారు. అంతే కథ.

అందులో పద్ధతులున్నాయి. కర్ర మీద జరిపే ఇనప గుండుని లోపలి నుంచి బయటికే జరపాలి. తక్కువ నుంచి ఎక్కువకి. వెనక్కి లాగితే ఆ మనిషి ఆయువు వెనక్కి లాగినట్టే. గుండు జరిపేది నేనే. నా వంతు వచ్చినప్పుడు ఆవిడే జరిపింది. ఎంత తూగినా ఆ తూకానికి ఒక మంచిమాట చెప్పాలి. లెక్కలు రాసే అమ్మాయికి, "ఈ బరువుకి మొగుడు ఎతుక్కుంటూ వొస్తాడు" అంది. నాకు, "తేలిక కట్టె నీళ్ళలో మునగదు" అంది.

కిందటేడు నడుముకి గోదాం తాళాల గుత్తి ఉంది. మూడు వీశెలు పోయింది అక్కడే. నీ రాజుగారికి తాళాలుండేవి కావేమో.

గుడ్డు తిన్నాను. అది పిల్లల మెడలో వేస్తారు. నాకు పళ్ళు సగం ఊడిపోయాయి గనక పిల్లల్లో కలిపింది.

రాను. ఇక్కడ నాకు పనుంది, గోల ఉంది, గాలి ఉంది. కోడిని మంచం మీదికి రమ్మను.

తమ్ముడు


తన్లిన్
మే 16, 2025

ఎలీజాకు,

గుడ్డు సంగతి కాదురా నేను అడిగింది. దారం సంగతి.

మెడలో దారం వేసింది ఆడది. వేయించుకున్నది నువ్వు. నలుగురూ చూస్తుండగా. ఆపైన భోజనాలు. దీన్ని మనవాళ్ళు ఏమంటారో ముసలిదాన్ని నేను కాగితం మీద పెట్టాలా? ఆవిడ విధవ, నువ్వు పెళ్ళాం పోయినవాడివి. పిల్లల్లో కలిపిందట!

నేను ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి బేబీకి మాత్రం చెప్పాను, అదీ ప్రార్థన చెయ్యమని. బేబీ ఆడవాళ్ళ కూటంలో దాన్ని ప్రార్థనాంశం చేసింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. చెవులు మూసుకున్నవాళ్ళు లేరు. ఆదివారానికి సంగతి ఎలా తయారయిందంటే, లమ్మడాలో చీనా విధవ ఒకతి మన ఎలీజాని ముందు తూచి చూసుకుని, గిట్టుబాటు అవుతాడని తేలాక తాళి కట్టిందట. మగవాడికి తాళేమిటని ఒక్కరూ అడగలేదు. చీనావాళ్ళలో అలాగే ఉంటుంది కాబోలని తలలూపారు.

సంఘ పెద్ద ఎడ్విన్ రాజుగారు ఇంటికి వచ్చారు. ఆయన పొట్ట ముందు వచ్చింది, ఆయన వెనకాల వచ్చారు. "సహోదరీ, ఇది ఆత్మీయమైన విషయము. మన బిడ్డ అన్యుల త్రాసులో కూర్చొనినాడు" అన్నారు. నువ్వు బిడ్డవట, ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దవాడివి. టీ పోశాను. బిస్కట్లన్నీ తిని, నీ కోసం పొడుగాటి ప్రార్థన చేసి వెళ్ళారు.

ఇక నా మాట విను. ఆగస్టులో మళ్ళీ తూస్తారన్నావు. సరే. తాళాల గుత్తి లేకుండా ఎక్కు. ముప్పై మూడు కంటే తగ్గితే నోరు మూసుకుని తన్లిన్ వచ్చెయ్యాలి. తగ్గకపోతే నేను మళ్ళీ రమ్మనను, చచ్చేదాకా రమ్మనను. ఇది పందెం కాదు. మనం పందాలు కాసేవాళ్ళం కాదు. ఇది ఒప్పందం.

నీకు గుండెలో ఏదైనా నొప్పిగా ఉందా? ఎడమ చెయ్యి లాగుతోందా? ఇవి దారం సంగతికి సంబంధించినవి కాదు, ఊరికే అడుగుతున్నాను.

అప్ప


లమ్మడా
మే 22, 2025

పందెం కాయని మా అప్పకు, పందెం ఒప్పుకున్న తమ్ముడు.

నీ ఒప్పందం నాకు ఇష్టమే. కానీ కాటా అన్నాక రెండు వైపులా ఉండాలి. నేను తగ్గితే తన్లిన్ వస్తాను. నువ్వు తగ్గితే లమ్మడా రావాలి. ఆగస్టు ఏడున వచ్చి నువ్వు కూడా గంపలో కూర్చో. ఈస్టరప్పుడు గుడిలో పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో ముప్పై వీశెలు తూగానని ఊరంతా చెప్పుకున్నావు కదా, అదే నీ లెక్క.

ఇంకొక మాట. నేను తన్లిన్ రావాలంటే నేను తగ్గాలి. నేను తగ్గాలంటే నువ్వు తిండి పంపకూడదు. అప్పా, నువ్వు ఆ పని చెయ్యగలవా? చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే లంఖణం పెట్టమన్న వైద్యుణ్ణి వీధి చివరిదాకా తరిమినదానివి. నీ చేత్తోనే నువ్వు ఓడిపోతావు.

పెళ్ళికొడుకుని అడుగుతున్నాను, కట్నాలు ఎవరు చదివించారో రాయి.

ఎలీజా


తన్లిన్
జూన్ 12, 2025

తమ్ముడికి,

వానలు పట్టుకున్నాయి. పెరట్లో గోంగూర ఏపుగా వచ్చింది. బర్మావాళ్ళూ మనమూ దెబ్బలాడుకోకుండా తినేది ఆ ఒక్క ఆకే.

నీ షరతు ఒప్పుకున్నాను. నేనెందుకు తగ్గుతాను? నాకేం తక్కువ?

తిండి పంపకూడదని గట్టిగా అనుకున్నాను. ఎలీజా ఎండిపోతేనే ఇంటికొస్తాడు, నాలుగు రోజులు ఓపిక పట్టు ఎస్తేరూ అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు క్యారియర్లూ కడిగి అటక మీద పెట్టేశాను. ఆ రాత్రి నువ్వు గంపలో తరిగి తరిగి చివరికి పిడికెడు అయిపోయినట్టు కల. మర్నాడు త్రినాథ్ లారీ వీధిలో హారను కొట్టింది. నేను నిచ్చెన ఎక్కి ఉన్నాను. కాలు జారితే నీదే పాపం. పొలస చేప పులుసు పంపాను, నీకు అందింది కదా. ఆ తరవాత ఎలాగూ ఒట్టు మైలపడింది గనక లారీ వచ్చినప్పుడల్లా పంపుతున్నాను. నువ్వు తింటూ తగ్గు. అలా తగ్గేవాళ్ళు ఉంటారు, మా మరిది అలాగే తగ్గాడు, ఆరు నెలల్లో పోయాడు. వద్దులే, తగ్గకు.

ఇప్పుడు అసలు సంగతి. త్రినాథ్ మొన్న ఏమన్నాడో తెలుసా? "పిన్నీ, నీ క్యారేజీ ఆ చీనామ్మ సేతిలో సూసినాను. గోంగూర అడుగుదాకా నాకేస్తంది" అన్నాడు.

నేను కట్టెల పొయ్యి ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకుంటున్నది చీనా విధవల్ని మేపడానికా? నిజమేనా? నిజమైతే రాయి. అబద్ధమైనా రాయి.

దగ్గుకి మిరియాలు వేశాను. దగ్గు రాకపోతే ముందుగానే పనికొస్తాయి.

నీ అప్ప


లమ్మడా
జూన్ 24, 2025

పులుసు చెయ్యి తిరిగిన మా అప్పకు,

నిజమే. దాచను. క్యారియరు మూత తీస్తే వాసన మూడంతస్తులూ దిగుతుంది. కింద కూర్చున్న మనిషి ముక్కు మూసుకోవాలా? దా మ్యా సెయిన్ మొదటి రోజు చెంచాడు రుచి చూసింది. రెండో రోజు పళ్ళెం తెచ్చుకుంది. ఇప్పుడు త్రినాథ్ హారను నాకంటే ముందు ఆవిడకి వినిపిస్తుంది. "మీ అప్పకి ఈ పులుపు ఎవరు నేర్పారు?" అని అడిగింది. పుట్టుకతోనే వచ్చిందన్నాను.

కానీ నువ్వు అనుకున్నట్టు నాకు మిగలకుండా పోవడం లేదు. నిజం చెప్పనా? పొలస చేపకి ముళ్ళెక్కువ. నాకు దవడ పళ్ళు ఊడాక ముల్లు నోట్లో తెలియడం లేదు. ఒకసారి గొంతులో పడి వీధంతా పోగయింది. అప్పటినుంచి ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం దగ్గరికి లాక్కుని, ముళ్ళు తీసి ముద్ద నా పళ్ళెంలో పెడుతుంది. తీసిన కూలి కింద సగం చేప ఆవిడది. న్యాయమైన బేరమే.

నీకు ఆవిడ పంపిన ఉప్పు బాతు గుడ్లు అందాయా? త్రినాథ్ మొహం చూస్తే అందలేదనిపిస్తోంది.

చీనా లెక్కలో ఇక చిన్న ఎండ, దాని వెనక పెద్ద ఎండ వస్తాయట. వీధిలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఆవిడ గొడుగు కింద నిలబడి, "పెద్ద ఎండ వొస్తంది, జాగ్రత్త" అంటోంది. నిన్ను మించిన మనిషిని చూడాలంటే ఒకసారి రా.

ఎలీజా


తన్లిన్
జూలై 15, 2025

ఎలీజాకి,

ముళ్ళు తీసి పెడుతోందా!

ఇది చదివిన రోజు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. మన అమ్మ తరవాత నీకు ముళ్ళు తీసి పెట్టింది ఎవరు? నేను. నీ పెళ్ళాం ఉన్నప్పుడు కూడా, ఆ మహాతల్లి చేపంటే మొహం తిప్పుకునేది గనక, పండగకి వస్తే నేనే. పళ్ళు ఊడినట్టు నాకెందుకు రాయలేదు? కాదు, రాశావు, గుడ్డు సంగతిలో పరాచికంగా రాశావు. నీ పరాచికాల్లోంచి నిజం ఏరుకోవడం ఆ చేపలో ముళ్ళు ఏరడం కంటే కష్టం.

బాతు గుడ్లు అందలేదు. అందినా తినను.

ఆదివారం గుడి అయ్యాక సంఘం కూర్చుంది. ఎడ్విన్ రాజుగారు నీ పేరు ఎత్తారు. "సహోదరుడు ఎలీజా ఆ గుడ్డును గూర్చియు ఆ గంపను గూర్చియు సంజాయిషీ ఇచ్చువరకు ప్రభువు బల్లకు రానీయకూడదు" అన్నారు. నువ్వు ఆ బల్ల దగ్గర రొట్టె పుచ్చుకుని మూడేళ్ళయింది, రానీయకపోతే నీకు పోయేదేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. లేచాను. ఆడవాళ్ళు ఆ కూటంలో లేవరని నీకు తెలుసు.

"అయ్యా, తూకానికి కూకుంటే పాపమా?"

"అన్యాచారము పాపము, సహోదరీ."

"మరి ఈస్టరుకి డాక్టర్లొచ్చినప్పుడు ఆ మిసను మీద తవరు మూడుసార్లు ఎక్కినారు. సెప్పులిప్పి ఒకసారి, కోటిప్పి ఒకసారి, ఊపిరి బిగబట్టి ఒకసారి. తక్కువ సూపించే దాకా ఎక్కినారు. మా తమ్ముడు ఒక్కసారే ఎక్కినాడు, ఎంతొస్తే అంత ఒప్పుకొన్నాడు. సంజాయిసీ ఎవురియ్యాల?"

ఎవరో వెనక బెంచీలో తుమ్మినట్టు నవ్వారు. తీర్మానం వచ్చే నెలకి వాయిదా. నిన్ను కాపాడానని అనుకోకు. నేను అన్నవన్నీ నీ మీద కోపంతోనే.

ఆగస్టు ఏడున వస్తున్నాను. నా కళ్ళ ముందు తూయాలి. నీ జేబులు నేనే తడిమి చూస్తాను. ఆవిడ చేతిని కూడా చూస్తాను, గుండు జరిపేటప్పుడు.

వచ్చేటప్పుడు ఏం కట్టుకోవాలో తోచడం లేదు. ఈ దర్జీ కొత్త జాకెట్లు పాడుచేశాడు, భుజాల మీంచి జారిపోతున్నాయి. పాతవి కూడా వాడే పాడుచేసినట్టున్నాడు.

ఎస్తేరు రాణి


లమ్మడా
ఆగస్టు 8, 2025

అప్పా,

నిన్న నువ్వు గొడుగు కూడా మరిచిపోయి వెళ్ళావు. చెప్పకుండా, తినకుండా, వానలో. త్రినాథ్ లారీలో ఎక్కావని తెలిసేదాకా దా మ్యా సెయినూ నేనూ, ఇద్దరు ముసలివాళ్ళం, వీధులన్నీ తిరిగాం. అలాంటి భయం నాకు అలవాటు లేదు. నువ్వు రోజూ ఎలా భరిస్తావో తెలియదు.

నువ్వు ఎవరితోనూ చెప్పవు గనక జరిగింది నేనే రాస్తాను. ఈసారి నవ్వుకోవడానికి కాదు.

నువ్వు వస్తూనే నా జేబులు తడిమావు. చుట్ట ముక్క దొరికింది, దానికో అరగంట తిట్టావు. నన్ను తూచారు. ముప్పై నాలుగున్నర. గుండు జరిపే చేతి దగ్గర నువ్వు ముక్కు ఆనించి చూశావు. ఒప్పుకోక తప్పలేదు. "నా వొండే తిండిరా అది, నీ గొప్పేటి?" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. దా మ్యా సెయిన్ తూగింది. కిందటిసారి కంటే రెండు వీశెలు ఎక్కువ. "అదీ నా తిండే" అన్నావు. అది కూడా నిజమే.

తరవాత నువ్వు గంపలో కూర్చున్నావు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రాణిగారు పల్లకీ ఎక్కినట్టు. ముప్పై వీశెలన్నావు గనక నేను గుండుని ఇరవై తొమ్మిది దగ్గర పెట్టాను, ఇంకొంచెం బయటికి జరిపితే సరిపోతుందని. కర్ర కొస తటాలున కిందికి పడింది. నువ్వు పైకి లేచిపోయావు.

గుండుని వెనక్కి లాగడానికి వీల్లేదు. ఆ పద్ధతి నీకు నేనే రాశాను. వీళ్ళ నమ్మకం వీళ్ళది, మనకేమిటి అని లాగెయ్యొచ్చు. నా చెయ్యి రాలేదు అప్పా. నిన్ను దించమన్నాను. గుండుని కర్ర మొదటికి తెచ్చి, నిన్ను మళ్ళీ కూర్చోబెట్టి, ఇరవై నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్క గీతే జరిపాను. నువ్వు, "జరపరా, ఇంకా జరుపు, దొంగ కాటా" అని అరుస్తున్నావు. ఇరవై ఆరు దగ్గర నిలబడింది.

ఆ తూకానికి మంచిమాట చెప్పాల్సింది దా మ్యా సెయిన్. కుక్కపిల్లకి కూడా ఏదో ఒకటి చెబుతుంది. నీ దగ్గరికొచ్చి గంప అంచు పట్టుకుంది. చివరికి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. అది ఈ ఊళ్ళో ఎదురుపడ్డ ప్రతివాడూ అడిగే మాటే. తిన్నానంటూ నడిచిపోతాం. కానీ ఆవిడ జవాబు కోసం ఆగింది. నువ్వు గంపలోంచి దూకి వెళ్ళిపోయావు.

పొద్దున్న త్రినాథ్‌ని గోదాంలో పట్టుకుని అడిగాను. "పిన్ని కుండ మొత్తం క్యారేజీలో ఒంపెస్తాది మావా. నీకుందా అంటే, ఉన్నాదిలే పో అంటాది. ఎసట్లో అన్నం తప్ప నానేటీ సూడనేదు" అన్నాడు. అడిగితే చెప్పేవాడే. నేను అడగలేదు. నీ పులుసు మీద మూడు నెలలు పరాచికాలాడాను, ఒళ్ళు చేశాను.

ఒప్పందం నువ్వు రాసిందే. తగ్గినవాళ్ళు రావాలి. మెట్లెక్కలేనంటావేమో, కింద దుకాణం వెనక గదిలో బస్తాలు తీయించాను. కిటికీ ఉంది. రా.

ఎలీజా


తన్లిన్
ఆగస్టు 14, 2025

దొంగ కాటాల తమ్ముడికి, ఆ కాటా ఎక్కి బుద్ధి తెచ్చుకున్న అప్ప రాయునది.

ముందుగా, ఆ తూకం తప్పు. నేను చెప్పులు విప్పాను. ముందు రోజు ఉపవాస ప్రార్థన. వానలో తడిస్తే మనిషి కుంచించుకుపోతాడు, గుడ్డకి జరగట్లేదా? గంప కూడా ఒక పక్కకి ఒరిగింది. నువ్వు చిన్నప్పటినుంచీ లెక్కల్లో మొద్దువి.

రెండోది, పందెం క్రైస్తవులకు తగదు. ఆదివారం ప్రసంగంలో కూడా చెప్పారు. నేను ఒప్పందమన్నాను గానీ, ఆలోచిస్తే అది పందెమే. పాపపు మాట నిలబెట్టుకోనక్కర్లేదు.

మూడోది, మీ యజమానురాలు నన్ను ఆ మాట అడగకుండా ఉండాల్సింది. పదిమందిలో. నాకు అబద్ధం తొందరగా తోచదు. ఇంట్లో ఒక్కదానికి కూర ఏం వండుకుంటామురా? కుండలో చేప ఉంటే నీ మొహం కనిపిస్తుంది. తినబుద్ధి కాదు. నీకు పంపేస్తే కుండ ఖాళీ, నా మనసు నింపాది. ఇంతకంటే ఏమీ లేదు. దీన్ని పెద్ద కథ చెయ్యకు.

నిన్న ఎడ్విన్ రాజుగారు వచ్చారు. నేను కూడా గంప ఎక్కానని ఎవరో మోశారు. బేబీయే అయ్యుంటుంది, నేను చెప్పింది దానికే. "సహోదరీ, మీరు సైతమా?" అన్నారు. "అవునండి, నానూ ఎక్కినాను. తక్కువ తూగినాను. తగ్గినోళ్ళకి ఆళ్ళు తిండి పెడతారంట. తవరు మూడు నెల్ల నుండి మాయింటికి వొచ్చి నా బిస్కట్లే తింతన్నారు. తిన్నావా ఎస్తేరూ అని ఒక్కపాలైనా అడిగినారా?" అన్నాను. ఆయన చేతిలో బిస్కట్టు చేతిలోనే ఉండిపోయింది. ప్రార్థన చెయ్యకుండానే వెళ్ళిపోయారు. నాకేమీ భయం వెయ్యలేదు. అదే నాకు భయంగా ఉంది.

శనివారం వస్తున్నాను. ఓడిపోయి కాదు. ఆ బస్తాల గది ఎంత చెమ్మగా ఉందో చూడ్డానికి. చెమ్మ ఉంటే తిరిగొచ్చేస్తాను. లేకపోతే క్రిస్మసు దాకా చూస్తాను. ఆ తరవాత సంగతి దేవుడికి తెలుసు, నీకు అనవసరం. కోళ్ళని బేబీకి అప్పగించాను. అది గుడ్లు దొంగిలిస్తుంది, అయినా తిరిగొచ్చి లెక్క పెట్టడానికి నాకొక కారణం ఉంటుంది.

వంటగది ఎవరిదో ముందే తేల్చి ఉంచు. ఆవిడ వంట నేను తింటాను, కానీ పంది ముట్టను, ఉప్పు తక్కువైతే ఊరుకోను. నా వంట ఆవిడ తినొచ్చు. నా ఎదురుగా, నా పళ్ళెం పక్కన కూర్చుని తినాలి. వెనకాల నాకడాలు కుదరవు.

దారిలో వంతెన మీద సిపాయిలు చేసే తనిఖీలో నా గోంగూర పచ్చడి జాడీ మూత తీసి వాసన చూస్తారేమో, ఏదైనా అంటే ఏం చెప్పాలో రాయి. వద్దులే, నీ ఉత్తరం వచ్చేలోగా నేనే వచ్చేస్తాను.

త్రినాథ్‌తో మాట్లాడాను. "ఎనకాల బస్తాల మద్దిన కూకో పిన్నీ, మెత్తగుంటాది" అన్నాడు. "ఏరా, తూగినోళ్ళందరూ సరుకే అనుకున్నావేటి?" అన్నాను. ముందు సీట్లో కూర్చుని వస్తున్నాను.

ఎస్తేరు రాణి